శనివారం ఏమీ లేదన్నాను

ఇద్దరం అవునని చెప్పేశాం, నేనైతే రెండుసార్లు చెప్పాను, మొదటిసారి గొంతులోంచి బయటికి రాలేదని ఇస్క్రా మళ్ళీ చెప్పించింది, ఇంక ఆవిడ కంప్యూటర్లో రాయాలి, నంబరు పడాలి, కాగితం బయటికి రావాలి, సంతకాలు పెట్టాలి, పెళ్ళి అయిపోయినట్టే, కానీ తెరమీద చిన్న చక్రం ఒకటి తిరుగుతోంది, పదకొండుంబావు నుంచి తిరుగుతోంది, ఇప్పుడు పదకొండున్నర దాటింది. ఇస్క్రా మా పురపాలక భవనంలో పెళ్ళిళ్ళు చేయించే అధికారి, భుజం మీంచి నడుం దాకా మూడు రంగుల పట్టీ వేసుకుంది, మొహాన పెళ్ళి నవ్వు తగిలించుకుంది, చక్రంతో పాటే మొదలైన నవ్వు, దించితే ఏదో కొంప మునిగిందని మేం అనుకుంటామని దించడం లేదు, పాపం దవడలు నొప్పి పుట్టి ఉంటాయి. ఒక్క నిమిషం అంటుంది, మీట నొక్కుతుంది, చక్రం, మళ్ళీ ఒక్క నిమిషం, మళ్ళీ మీట. గుమ్మం దగ్గర రాగి చెంబు బోర్లా పడి ఉంది, లోపలికి వస్తూనే పెళ్ళికూతురు దాన్ని కాలితో తన్నాలి, వెలికా బాగానే తన్నింది, ఆ వయసులో అంత దూరం పోతుందనుకోలేదు, నీళ్ళన్నీ తివాచీలోకి ఇంకుతున్నాయి, సోమవారం ఆ తివాచీ పెరట్లోకి మోసుకెళ్ళి ఎండబెట్టేది నేనే, ఈ భవనానికి బాయిలరు, తాళాలు, తివాచీలు అన్నీ నేనే, పెళ్ళికొడుకు తన పెళ్ళి తివాచీ తనే ఎండబెట్టుకోవడం ఎక్కడైనా ఉందా, ఉండే ఉంటుంది, ఎవరూ చెప్పుకోరు.

వెలికా చెయ్యి నా చేతిమీద ఉంది, బరువుగా, వెచ్చగా, గోళ్ళ దగ్గర వెనిగరు వాసన, నిన్న రాత్రిదాకా సీసాల్లో మిరపకాయలు పెట్టి ఉంటుంది, ఈ నెలలో మా ఊళ్ళో ఆడవాళ్ళందరి చేతులకీ అదే వాసన. ముదురాకుపచ్చ గౌను, దానిమీద తెల్ల పువ్వు. ఆమెవైపు కుర్చీల్లో అక్క పావ్లీనా, బావగారు, పక్కింటివాళ్ళు నలుగురు. నావైపు ఎర్ర ముఖమల్ కుర్చీలు నాలుగు, పొద్దున నేనే తుడిచాను, నేనే వరసగా పెట్టాను, నాలుగింటిలో ఒకదానిమీద పావ్లీనా మొగుడి టోపీ ఉంది, మిగతా మూడూ ఖాళీ. "మీవాళ్ళు ఆలస్యం చేస్తున్నారేం, దింకో?" అని వెలికా నెమ్మదిగా అడిగింది, నేను గోడ గడియారం వైపు చూశాను. ప్రశ్నకి గడియారం వైపు చూస్తే అది జవాబులాగే ఉంటుంది, ఈ ఉపాయంతో ఎన్ని ఏళ్ళు గడిపేశానో, ఆమె కూడా గడియారం చూసి తల ఆడించింది, రోడ్డు బాగుచేస్తున్నారు కదా అంది, బస్సులు తిప్పి పంపుతున్నారట అంది, నా అబద్ధాన్ని నాకంటే బాగా తనే అల్లేస్తోంది, నాకు చెమట పట్టింది, పెళ్ళి కోటు కదా, మెడ దగ్గర బిగుతు.

ఎవరూ రారు. ఎవరికీ చెప్పలేదు. ఆమె పెట్టిన షరతు ఒక్కటే, అది కూడా నెరవేర్చలేదు. నాలుగు చలికాలాలు వాళ్ళింటి పొయ్యి గొట్టం బాగుచేశాను, మసి దులిపాను, మూత మార్చాను, మళ్ళీ దులిపాను, నాలుగో చలికాలం ఆమె నిచ్చెన పట్టుకుని కిందనుంచి అంది, దింకో, మా గొట్టం అంత చెడ్డదేం కాదు, మనిద్దరిలో ఎవరో ఒకరు అడగాలి, నువ్వు అడగవు కాబట్టి నేనే అడుగుతున్నాను. నేను నిచ్చెన మీద ఉన్నాను, చేతుల నిండా మసి, తల ఒకసారి ఆడించాను, ఆమెకి సరిపోయింది. తర్వాత వంటింట్లో కాఫీ పోస్తూ అంది, అడగడం నేను చేశాను, చెప్పడం నువ్వు చెయ్యి, నీవైపు వాళ్ళకి నలుగురికి, నీ నోటితో, నేను చెప్తే నేనే నిన్ను పట్టుకున్నానంటారు. న్యాయమే కదా, నలుగురంటే ఎంత, మా వదిన సావ్కా, రేవులో నాతో పనిచేసిన ఇద్దరు, గడియారాలు బాగుచేసే కిర్చో. మొదట సావ్కా దగ్గరికి వెళ్ళాను, మా అన్న పోయినా ఆ ఇంటికి ఆదివారాలు వెళ్తూనే ఉంటాను, సావ్కా నోట్లో నువ్వుగింజ నానదు, ఆవిడ ఒక్కదానికి చెబితే మిగతా ముగ్గురికీ చెప్పక్కర్లేదు కూడా, చెబుదామనే గుమ్మం దాకా మాట తెచ్చుకున్నాను, ఆవిడ చిక్కుడుగింజల పులుసు పెట్టింది, తిన్నాను, బావి పంపు గురించి చెప్పింది, విన్నాను, ఇంకో గిన్నె పెట్టింది, మాట ఆ పులుసు కిందకి వెళ్ళిపోయింది. మిగతా ముగ్గురి దగ్గరికి కూడా వెళ్ళాను, వెళ్ళలేదని అనకూడదు, కిర్చో నా గడియారం విప్పి శుభ్రం చేసి ఇచ్చాడు, అది ముందే బాగానే నడుస్తోంది.

చక్రం ఎందుకు తిరుగుతోందో ఈ గదిలో నాకు ఒక్కడికే తెలుసు, అదీ బాధ. తెలిసినవాడు నోరు విప్పితే అసలు సంగతి బయటపడుతుంది. గురువారం ప్లామెన్ వచ్చాడు, కంప్యూటర్లు చూసుకునే కుర్రాడు, కుర్రాడంటే నలభై ఉంటాయి, కింద బాయిలరు పక్క గదిలో ఉంటుంది వాడి పెద్ద యంత్రం, ఊళ్ళో పుట్టినవాళ్ళు, పోయినవాళ్ళు, పెళ్ళిళ్ళు అన్నీ దాంట్లోనే. డిస్క్ ఫోటో తియ్యాలి బాబాయ్ అన్నాడు, కొత్త యంత్రంలోకి మార్చేముందు, ఫోటో తీసేటప్పుడు ఎవరూ రాయకూడదు, సగం రాసింది ఫోటోలో పడితే బిడ్డ పుట్టాడని ఒకచోట ఉంటుంది, పేరు ఉండాల్సినచోట ఖాళీ ఉంటుంది, అందుకని ఒక్క నిమిషం రాతల్ని గడ్డకట్టిస్తాను, ఫోటో తీస్తాను, మళ్ళీ కరిగిస్తాను, ఆ నిమిషంలో చదివేవాళ్ళు చదువుకోవచ్చు, రాసేవాళ్ళు మాత్రం వరసలో నిలబడతారు, కరగగానే ఒకరి వెనక ఒకరు లోపలికి వస్తారు. నాకు వెంటనే అర్థమైంది, అంత తొందరగా అర్థమైనందుకు వాడికే అనుమానం వచ్చి మళ్ళీ చెప్పాడు. ముప్ఫై ఒక్కేళ్ళు డాన్యూబ్ నది నీటిమట్టం చూశాను నేను, రేవు గోడమీద గీతలు, పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి, సరిగ్గా ఏడింటికే ఏ సరుకుపడవో దాటుతుంది, గీతమీద నీళ్ళు పైకీ కిందకీ కొట్టుకుంటాయి, అప్పుడు చూసింది మట్టం కాదు, అల, అలలు నిలిచేదాకా గోడకి ఆనుకుని ఆగాలి, నిలిచాకే అంకె చెప్పాలి. ప్లామెన్ నదిని ఆపేస్తానంటున్నాడు, నేను ఆగేవాణ్ణి, తేడా అంతే. చివర్న అడిగాడు, శనివారం భవనంలో ఏమన్నా ఉందా అని. పెళ్ళిళ్ళు ఇస్క్రా గది తలుపుమీద కాగితంలో రాసి ఉంటాయి, ఎవరూ చదవరు, ఈ భవనంలో మేయరు దగ్గర్నుంచి అందరూ నన్నే అడుగుతారు, నాకంటే కాగితానికి బాగా తెలుసని ఎవరికీ తోచదు. ఉంది, శనివారం పదకొండింటికి పెళ్ళి ఉంది అనాలి, ఎవరిది అంటాడు, అప్పుడు చెప్పాలి. ఏమీ లేదన్నాను.

ఇస్క్రా మీట నొక్కి నొక్కి విసుగొచ్చి పాత పేజీలు తిప్పుతోంది, చదవడం మటుకు చక్కగా అవుతోంది చూడండి అంది, మనందరి పేర్లూ ఉన్నాయి, పావ్లీనా గారూ మీరూ ఉన్నారు, నలభై తొమ్మిదిలో పుట్టారు. పావ్లీనా మొగుడు వేళ్ళమీద ఏదో లెక్కపెట్టి భార్య వైపు తిరిగాడు, యాభై మూడు కదూ నువ్వు చెప్పింది అన్నాడు, ఆవిడ ఆ చక్రమే సరిగ్గా తిరగనప్పుడు అంకెలు మాత్రం సరిగ్గా ఉంటాయా అంది, వెంటనే కోపం నామీదికి తిప్పింది, వెలికా, పన్నెండున్నరకి మా రైలు, ఈ మనిషి పెళ్ళి కూడా మట్టం చూసినట్టు ఆగి ఆగి చేసుకుంటాడా అంది, ఆవిడకి తెలియకుండానే సరిగ్గా కొట్టింది, నేను గడియారం చూశాను. వెలికా మాత్రం నవ్వింది, చెయ్యి తియ్యలేదు, రానీ అక్కా, దింకో వాళ్ళు కూడా రానీ, అందరూ ఉన్నప్పుడే అవుతుంది అంది. అందరూ అనే మాట దగ్గర నా చేతిమీద చెయ్యి రెండు తట్లు తట్టింది.

అప్పుడు ఫోన్ మోగింది. ఇస్క్రా ఒక చేత్తో మీట నొక్కుతూ ఇంకో చేత్తో ఫోన్ బల్లమీద పెట్టి గట్టిగా వినపడేలా చేసింది, ఆ ఒక్క పని చెయ్యకపోతే నా బతుకు ఇంకోలా ఉండేది. ప్లామెన్ గొంతు, వెనక ఏదో చిటచిట. వాడు అత్తగారి ఊళ్ళో ఉన్నాడట, అక్కణ్ణుంచే డిస్క్‌ని గడ్డకట్టించాడట, సరిగ్గా అప్పుడే అత్తగారు మిరపకాయలు కాల్చే కరెంటు పొయ్యి తగిలించిందట, ఇంట్లో ఫ్యూజు పోయి వాడి కంప్యూటర్ లైను తెగిపోయిందట. ఫ్యూజు వేశాను గానీ మళ్ళీ యంత్రంలోకి వెళ్ళలేకపోతున్నాను అన్నాడు. "ఇస్క్రా, లోపలికి వెళ్ళాలంటే ఎవరొచ్చారో యంత్రం గుమ్మం దగ్గర పుస్తకంలో రాసుకుంటుంది, ఆ పుస్తకం కూడా గడ్డకట్టిన డిస్క్‌లోనే ఉంది. తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నాను." కరెంటు తీసి మళ్ళీ వేస్తే పోదా అని ఇస్క్రా అడిగింది. పోతుంది, వరసలో నిలబడినవి కూడా పోతాయి, మళ్ళీ మొదట్నుంచి రాయాలి, అయినా శనివారం ఎవరు రాస్తారులే అన్నాడు. ఇస్క్రా నవ్వు మొదటిసారి కదిలింది, నా దగ్గర పెళ్ళి జరుగుతోంది ప్లామెన్ అంది.

"పెళ్ళేంటి? శనివారం ఏమీ లేదని దింకో బాబాయ్ చెప్పాడే. ఆయన్ని పిలువు, కింది గది తాళం కూడా ఆయన దగ్గరే ఉంది."

"ఇక్కడే ఉన్నాడు."

"పిలువు మరి."

"పెళ్ళికొడుకు ఆయనే."

చిటచిట ఒక్కటే వినపడింది, మిరపకాయ తొక్క మాడుతున్న చప్పుడు. నా చేతిమీద బరువు లేదు. ఎప్పుడు తీసిందో తెలియలేదు, చల్లగా అనిపించినప్పుడు తెలిసింది. వెలికా నావైపు చూడలేదు, నాలుగు కుర్చీల వైపు చూసింది, ఒక్కొక్కటీ, ఎవరో కూర్చున్నట్టే ఒక్కొక్కదాని దగ్గరా ఆగి చూసింది, టోపీ దగ్గర కూడా. "మీవాళ్ళు రావడం లేదు కదూ," అంది. అది ప్రశ్న కాదు, గడియారం పనికిరాలేదు. పావ్లీనా హ్యాండ్‌బ్యాగ్ భుజానికి తగిలించుకుంది. ఇస్క్రా తొందరగా, పోనీ కరెంటు తీసేద్దాం, మీ ఇద్దర్నీ మళ్ళీ అడుగుతాను, మళ్ళీ అవుననండి, రెండు నిమిషాల పని అంది. "నేను మళ్ళీ అంటానో లేదో," అంది వెలికా.

పద్నాలుగేళ్ళు బడి వంటింట్లో మూడొందల మందికి వండింది, ఎవరిమీదా గొంతు పెంచలేదు, అలా గొంతు పెంచకుండానే ఒకసారి హెడ్మాస్టరుని వంటింట్లోంచి బయటికి పంపిందని చెప్పుకుంటారు. ప్లామెన్ అన్నాడు, ఆగండి, కరెంటు తియ్యకుండా ఒక దారి ఉంది, యంత్రం దగ్గరే కీబోర్డు ఉంటుంది, దానిమీద మూడు మీటలు కలిపి నొక్కితే గడ్డ కరుగుతుంది, వరసలో ఉన్నవి అలాగే ఉంటాయి, బాబాయ్ కిందికి వెళ్ళాలి. లేచాను. పెళ్ళి కోటు జేబులో తాళాల గుత్తి గలగలమంది, పొద్దున వెలికా ఆ జేబు ఎందుకలా వేలాడుతోందని అడిగింది, దానికీ గడియారమే చూశాను. మెట్లు దిగుతుంటే వెనక ఇంకో జత బూట్ల చప్పుడు, గౌను ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో ఇస్క్రా ఫోన్ పట్టుకుని వెలికా దిగుతోంది. ఆమె వస్తోందని సంతోషపడాలో, అంతమంది ముందు కాకుండా ఇక్కడ చెప్పి వెళ్ళిపోదామని వస్తోందేమోనని భయపడాలో తెలియక, మెట్లు పధ్నాలుగు ఉన్నాయని లెక్కపెట్టాను, పన్నెండే ఉంటాయి ఎప్పుడూ.

కింది గది చల్లగా ఉంటుంది, యంత్రం తుమ్మెదలా మోగుతూ ఉంటుంది, ఇవాళ కూడా మోగుతోంది, గడ్డకట్టిందని పైకి ఏమీ తెలియదు, దీపాలు వెలుగుతున్నాయి, లోపల అంతా ఆగి ఉంది, నాకు దాన్ని చూస్తే కొంచెం సిగ్గేసింది. ప్లామెన్ చెప్పాడు, స్పేసు మీట పక్కనున్నది ఒకటి, పై వరసలో కుడివైపున్నది ఒకటి, ఆ రెండూ నొక్కిపట్టి, లాటిన్ అక్షరం, చేపల గాలం కొక్కెంలా ఉంటుంది బాబాయ్, అది నొక్కు. కొక్కెం దొరికింది. కానీ నా ఎడమ చేతి వేళ్ళు రెండు వంగవు, రేవులో తాడులో ఇరుక్కుని నలిగినవి, అంత దూరంలో ఉన్న రెండు మీటలు కలిపి పట్టుకోలేను. వెలికా ఫోన్ యంత్రం మీద పెట్టి ఆ రెండు మీటల మీద వేళ్ళు ఉంచింది, ఉంచింది గానీ నొక్కలేదు.

"ముందు చెప్పు. నేనంటే సిగ్గా?"

"కాదు."

"మరి?"

"సావ్కా ఇంటికి వెళ్ళాను. చెబుదామనే."

"ఊఁ."

"పులుసు పెట్టింది. తిన్నాను. వచ్చేశాను."

"మిగతా ముగ్గురు?"

"అక్కడ పులుసు లేదు."

ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది, భుజాలు కదిలాయి, నవ్వో ఏడుపో వెనకనుంచి చూస్తే ఒకేలా ఉంటుంది, నేను ఆగాను, ఆగడం నాకు వచ్చిన పని. తిరిగినప్పుడు మొహంలో ఏమీ లేదు. "చెబితే ఏమవుతుందనుకున్నావు, దింకో?" అంది. ఇక్కడ గడియారం లేదు. బాయిలరు మీటరు ఉంది, దానివైపు చూడబోయి మానేశాను. "నీళ్ళు నిలవకుండా మట్టం చెప్పకూడదు," అన్నాను. అర్థం కాలేదన్నట్టు చూసింది. ఇంకా ఉంది లోపల, దాన్ని బయటికి తోశాను. "నువ్వు నిజంగా వస్తావో రావోనని. ఊరంతా చెప్పాక నువ్వు రాకపోతే. వచ్చాక చెబుదామని."

"నాకు అరవై ఎనిమిది," అంది వెలికా. "నీ నీళ్ళు ఇంకెప్పుడు నిలుస్తాయి?"

"వెలికా పిన్నీ," అంది ఫోను, "నేను ఇంకా లైన్లోనే ఉన్నాను."

"ఉండు. నీ మిరపకాయలు తిప్పుకో."

తర్వాత నాతో చెప్పింది, పైకి వెళ్ళగానే ఫోన్ చెయ్యాలి, నలుగురికీ, అందరి ముందూ, నేను ఫోన్ ముట్టుకోను, నీ బదులు మాట్లాడను. చేస్తానన్నాను. ప్రమాణం అడగలేదు, నా మొహం కాసేపు చూసి, రెండు వేళ్ళూ నొక్కింది. నేను కొక్కెం మీద వేలు పెట్టాను. ఏమీ కాలేదు, పెద్ద చప్పుడేదో అవుతుందనుకున్నాను, కాలేదు, యంత్రం మీద పచ్చ దీపం ఒకటి వెర్రెత్తినట్టు మిణుకు మిణుకుమంది, అంతే, అలా కొంతసేపు మిణుకుతూనే ఉంది. వస్తున్నారు, ఒకరి వెనక ఒకరు వస్తున్నారు అన్నాడు ప్లామెన్.

పైన చప్పట్లు కొడుతున్నారు. మేం హాల్లోకి వచ్చేసరికి ఆగిపోయాయి. ఇస్క్రా మొహాన నవ్వు లేదు, ఇంతసేపటి తర్వాత మొదటిసారి ఆవిడ మామూలు మొహం చూశాను. రాసుకుంది, బాగానే రాసుకుంది, నంబరు కూడా పడింది అంది, నలభై ఒకటి, ఆపైన నలభై రెండు, నలభై మూడు, అలా యాభై ఒకటి దాకా. మీట నొక్కినప్పుడల్లా ఒక పెళ్ళి వరసలో నిలబడిందట, కరగగానే పదకొండూ లోపలికి వచ్చేశాయట. దింకో, వెలికా, దింకో, వెలికా, తెర నిండా మేమే. తీసెయ్యొచ్చు కదా అన్నాడు పావ్లీనా మొగుడు. పెళ్ళి రాయడమే నా చేతిలో ఉంది, కొట్టెయ్యాలంటే కోర్టుకెళ్ళాలి అంది ఇస్క్రా. పది విడాకులా అంది పావ్లీనా, బ్యాగు భుజంమీంచి దించేసింది, ఇలాంటిది వదిలి రైలెక్కే మనిషి కాదు. ఫోన్లో ప్లామెన్ సోమవారం చూస్తాను, సోమవారం చూస్తాను అంటున్నాడు. అందరూ వెలికా వైపు తిరిగారు. ఆమె తెర దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకుని పై నుంచి కింద దాకా చదివింది, తొందర లేకుండా.

"మొదటిది ఉంచు," అంది. "మిగతావి కూడా ఉండనీ. మాట తప్పినప్పుడల్లా ఒక్కొక్కటి తీసేద్దాం."

సంతకాలు పెట్టాం. చివరి సంతకం పడగానే పావ్లీనా కాలు, కాలు, ముందు తొక్కినవాళ్ళ మాటే ఇంట్లో చెల్లుతుంది అని అరిచింది, వెలికా ఇవాళ్టికి తొక్కింది చాల్లే అక్కా అంది, ఫోన్ తెచ్చి నా అరచేతిలో పెట్టి రెండడుగులు వెనక్కి వేసింది. సావ్కా నంబరు నాకు నోటికొచ్చు, ఎప్పుడూ చెయ్యలేదు గానీ నోటికొచ్చు. మూడుసార్లు మోగగానే ఎత్తింది. నేను, దింకోని అన్నాను. ఎవరు పోయారు అంది, నేను ఫోన్ చేస్తే ఇంకేమనుకుంటుంది. ఎవరూ పోలేదు, పెళ్ళి చేసుకున్నాను అన్నాను. ఎప్పుడు అంది. ఇప్పుడే. ఎవర్ని అంది. నేను వెలికా వైపు ఫోన్ చాచాను, చెయ్యి దానంతట అదే వెళ్ళింది, ఆమె రెండు చేతులూ వీపు వెనక పెట్టేసుకుంది. గదిలో అందరూ నావైపే చూస్తున్నారు. ఫోన్ మళ్ళీ చెవి దగ్గరికి తెచ్చుకున్నాను.

"వెలికాని," అన్నాను. "బడి వంటింట్లో చేసేది." అక్కడితో ఆపాలి, చెప్పాల్సింది అయిపోయింది, కానీ వెనక ఇంకొకటి వరసలో నిలబడి ఉంది కాబోలు, అది కూడా వచ్చేసింది. "నాకు ఇష్టం."

అవతల సావ్కా ఫోన్ బల్లమీద పెట్టిన చప్పుడు, చెప్పుల చప్పుడు, కిటికీ గడియ తీసిన చప్పుడు, ఆ తర్వాత దూరంగా వీధిలోకి ఆవిడ గొంతు, నా పేరు, వెలికా పేరు, మళ్ళీ నా పేరు, ఎదురింట్లోంచి ఎవరో ఏంటీ అనడం, ఆవిడ మొదట్నుంచీ చెప్పడం. నేను ఫోన్ పెట్టెయ్యలేదు. వెలికా దగ్గరికి వచ్చి నా చెవికి ఆనించిన ఫోనుకి ఇటువైపు నుంచి తన చెవి ఆనించింది, ఇద్దరం అలాగే నిలబడి విన్నాం.